కందిచేలో మైక్రోబయాలజీ

ఇంటర్ ఫలితాలొచ్చాయి. నీట్ ర్యాంకూ తెలిసిపోయింది. ఎంబీబీఎస్ సీటు రాదని ఇంట్లో అందరికీ అర్థమైంది కానీ ఎవరూ పైకి అనరు. నాలుగు రోజులు గడిచాక ఓ సాయంత్రం మేనమామ వస్తాడు. కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని మెల్లగా కదుపుతాడు.

‘పాపకు డాక్టరు సీటు రాలేదంట గదా బావా... మరి ఏం చేద్దామని?’

‘ఏదో మైక్రో అంటోంది. లేకుంటే బయోటెక్ అంటోంది. అందులో ఏముంటాదో, చదివితే ఏమొస్తాదో మాకేం తెలుసు!’

‘మంచి కోర్సేనంట. హైదరాబాదులో కంపెనీలు బాగా ఉండాయంట.’

అంతే. మూడేళ్ల చదువు మీద ఆ ఇంట్లో జరిగే చర్చ అక్కడితో సరి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం... పశ్చిమ ప్రకాశంలో ఏ ఊరికెళ్లినా బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో కాస్త అటూఇటూగా ఇవే మాటలు. ఈ సంభాషణలో హైదరాబాద్ ఉంది, కంపెనీ ఉంది. లేనిదల్లా ఒకటే. ఆ మూడేళ్లూ పాప చేతులతో ఏం చేస్తుందన్న ప్రశ్న.

నిజానికి మైక్రోబయాలజీ అంటే ఏమిటో తెలుసుకోవడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఊరి పక్కనున్న కందిచేను దాకా నడిస్తే చాలు.

గులాబీ బుడిపెలు

విత్తిన ఆరేడు వారాలకు కందిమొక్కను ఒకదాన్ని మట్టితో సహా పెకలించి, నీళ్లలో జాడించి చూడాలి. వేళ్ల మీద ఆవగింజంత, మిరియపుగింజంత బుడిపెలు కనిపిస్తాయి. తెలియనివాళ్లు తెగులేమో అనుకుంటారు. ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉందంటే లోపల పని జరుగుతోందన్నమాట.

గాలిలో 78 శాతం నత్రజనే. అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ బుడిపెల్లో కాపురముండే రైజోబియం జాతి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి, మొక్కకు పనికొచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడమే! గులాబీ రంగు తెచ్చేది లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దాయాది. బుడిపె లోపల తెల్లగానో బూడిదరంగుగానో ఉంటే మాత్రం ఆ కాపురం సరిగా సాగడం లేదని అర్థం.

జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు 1880ల్లో ఈ గుట్టు విప్పారు. 1888లో డచ్ శాస్త్రవేత్త బైజెరింక్ ఆ బ్యాక్టీరియాను వేరుచేసి ప్రయోగశాలలో పెంచాడు. ఈ పేర్లేవీ తెలియకుండానే, కంది వేసిన చేలో మరుసటి పంట బాగుంటుందని మెట్ట రైతు ఎప్పుడో కనిపెట్టాడు. అది వేరే సంగతి.

బైజెరింక్ చేసిన పనినే ఇప్పుడు డిగ్రీ విద్యార్థి చేయాలి. బుడిపెను కోసి, పైనున్న మట్టి క్రిములు చచ్చేలా శుద్ధి చేసి, శుభ్రమైన నీటిలో నలపాలి. ఆ నీటిని ఒక చుక్క తీసుకుని పెట్రి పళ్లెంలో గడ్డకట్టించిన ఆహారం మీద గీయాలి. ఆ ఆహారంలో కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలుపుతారు. మామూలు మట్టి బ్యాక్టీరియా చాలావరకు ఆ ఎర్రదనాన్ని పీల్చుకుంటాయి. రైజోబియం అంతగా పీల్చుకోదు. రెండు మూడు రోజులకు పళ్లెంలో ఎర్రటి చుక్కల నడుమ తెల్లటి, జిగురు జిగురు చుక్కలు లేస్తాయి. అవే!

‘గీయడం’ అన్నది ఉత్తమాట కాదు. కొసన చిన్న ఉంగరంలా వంచిన తీగను మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, దాంతో పళ్లెం మీద వరసగా గీతలు లాగుతారు. మొదటి గీతల్లో బ్యాక్టీరియా గుంపులుగా ఉంటుంది. పోనుపోను పలచబడి చివరి గీతల్లో ఒక్కోటి విడివిడిగా మిగులుతుంది. ఒక్కో దాన్నుంచీ ఒక్కో చుక్క పెరుగుతుంది. బరువు ఎక్కువైతే జెల్లీ చిరిగిపోతుంది, తక్కువైతే ఏమీ అంటదు. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదిది. పలక మీద అక్షరాలు దిద్దినట్టు దిద్దాల్సిందే. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పిల్లలకు ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

ఆ జెల్లీదీ ఓ కథే. తొలినాళ్లలో శాస్త్రవేత్తలు జెలటిన్ వాడేవారు. వేసవి వస్తే అది కాస్తా కరిగి నీళ్లయ్యేది. జర్మనీలో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే వాల్తర్ హెస్సే ఇంటికొచ్చి భార్య ఫ్యానీ దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాడట. ఆమె వంటింట్లో జామ్‌లు, జెల్లీలకు సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ వాడేది. ఎంత ఎండకైనా కరగదు. అది వాడి చూడమంది. 1880ల తొలినాళ్ల మాట. ప్రపంచంలోని ప్రతి మైక్రోబయాలజీ ల్యాబులోనూ నేటికీ ఫ్యానీ వంటింటి చిట్కానే నడుస్తోంది. మన అంగళ్లలో చైనా గ్రాస్ అని అమ్మేదీ ఆ అగరే. వేసవిలో మార్కాపురం ఎండలు ఎరిగినవాళ్లకు ఫ్యానీ చేసిన మేలు ఇట్టే అర్థమవుతుంది.

ప్యాకెట్లో ప్రాణముందా?

ఇప్పుడు అసలు విషయం. తొలకరికి ముందు ఎరువుల దుకాణానికెళితే రైజోబియం ప్యాకెట్ ఇస్తారు. ఎకరాకు సరిపోయే కందివిత్తనానికి 200 గ్రాములది ఒకటి. చల్లార్చిన బెల్లంనీళ్లలో కలిపి, విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుకోవాలి. ఎండలో ఆరబెట్టారా, అంతే సంగతులు. ఎందుకంటే ప్యాకెట్లో ఉన్న నల్లపొడి యూరియాలాంటి మందు కాదు. ప్రాణమున్న జీవి.

మరి దుకాణంలో రేకుల కప్పు కింద, ఏప్రిల్ మే నెలల వేడిలో ఆ ప్యాకెట్ ఎన్నాళ్లు పడి ఉందో! లోపలి బ్యాక్టీరియా బతికుందో చచ్చిందో! పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. రైతు డబ్బిచ్చి కొంటాడు, పట్టిస్తాడు, విత్తుతాడు. బుడిపెలు రాకపోతే వాననో, విత్తనాన్నో, తన కర్మనో తిట్టుకుంటాడు. పొడి చచ్చిపోయి ఉందని అతనికి చెప్పేవాళ్లెవరు?

చట్టమైతే ఉంది. జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. దాని ప్రకారం పొడి రూపంలోని రైజోబియం గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలతో ఉండాలి. అయిదు కోట్లు! ఎలా లెక్కపెట్టడం?

ఇక్కడే డిగ్రీ రెండో ఏడాది పిల్లల పాఠం పనికొస్తుంది. ఒక గ్రాము పొడిని పదింతలు పలచబడేలా శుభ్రమైన నీటిలో కలపాలి. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మరో తొమ్మిది మిల్లీలీటర్లలో కలపాలి. అలా మొత్తం ఆరుసార్లు. ఒక్కోసారీ పదోవంతుకు తగ్గుతుంది. ఆరోసారికి పది లక్షల వంతు. అందులో ఒక మిల్లీలీటరును పెట్రి పళ్లెంలో పోసి, జెల్లీ కలిపి, మూడు నాలుగు రోజులు వెచ్చగా ఉంచాలి. పళ్లెంలో 50 చుక్కలు లేచాయంటే... 50ని పది లక్షలతో హెచ్చిస్తే సరిగ్గా 5 కోట్లు. ప్యాకెట్ పాసైనట్టు. అయిదారే లేస్తే? పళ్లెం ఖాళీగా ఉంటే?

కావలసినవి కొన్ని గాజు గొట్టాలు, పిపెట్, అగర్, ప్రెషర్ కుక్కర్‌లాంటి ఆటోక్లేవ్, ఒక ఇంక్యుబేటర్. కోట్ల రూపాయల యంత్రాలేం కాదు. ఈ లెక్క చేతకాని మైక్రోబయాలజీ పట్టా, చచ్చిన రైజోబియం ప్యాకెట్... రెండూ పైకి బాగానే ఉంటాయి.

శనక్కాయ మీద పచ్చబూజు

కంది నుంచి వేరుశనగకు వస్తే కథ ఇంకాస్త పెద్దది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ జబ్బో తెలియక ‘టర్కీ ఎక్స్’ అన్నారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర డొంక కదిలింది. దాని మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగింది. ఆ బూజు వదిలిన విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు. కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో అదొకటి. వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు.

ఈ బూజుకు బాగా కలిసొచ్చేదేమిటో తెలుసా? కాయ ఊరే దశలో బెట్ట. చివరి వారాల్లో వానలు మొహం చాటేసి, నేల వేడెక్కి, కాయ నీరసపడితే మట్టిలోని బూజు లోపలికి దూరుతుంది. నల్లమల నీడన వాన కోసం ఎదురుచూసే ఈ ప్రాంతానికి అంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది? పైగా అది కాయతో ఆగదు. నూనె తీశాక మిగిలిన చెక్క గేదె ముందుకెళుతుంది. గేదె తిన్న విషంలో కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలు పాప గ్లాసులోకి. అందుకే పాలలో దానికీ ఆహార భద్రత సంస్థ పరిమితి పెట్టింది. కిలోకు అర మైక్రోగ్రాము. ఐరోపా దేశాలైతే నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే సరుకు వద్దంటాయి.

మైక్రోబయాలజీకీ బయోటెక్నాలజీకీ తేడా ఏమిటని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఈ శనక్కాయతోనే చెప్పుకోవచ్చు. కాయ మీద బూజును వేరుచేసి పెంచి, అది ఏ జాతిదో, ఏ వాతావరణంలో పెరుగుతుందో తేల్చేది మైక్రోబయాలజీ. ఆ విషాన్ని ఇట్టే పట్టుకునే యాంటీబాడీని తయారుచేసి, దాంతో రంగు మారే పరీక్ష కిట్ తయారుచేసేది బయోటెక్నాలజీ. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అఫ్లటాక్సిన్‌కు అలాంటి చవకైన కిట్టే తెచ్చారు. జీవిని తెలుసుకోవడం ఒకటి, దాని పనితనాన్ని మన పనికి వాడుకోవడం ఇంకొకటి. రెంటికీ మధ్య గోడేం లేదు. డిగ్రీలో సిలబస్ సగానికి సగం కలిసిపోతుంది కూడా. అందుకే మైక్రోనా, బయోటెక్కా అని నెలరోజులు తలబద్దలు కొట్టుకోవడం కంటే, ఆ ఊరి కళాశాలలో దేనికి మంచి ల్యాబు, చెప్పే లెక్చరరు ఉన్నారో చూసుకోవడం మేలు.

టెక్నాలజీ అన్న తోక

ఒకప్పుడు ఈ కోర్సులంటే వెర్రి. దానికి కారణమూ ఉంది. దేశంలో బయోటెక్నాలజీకి ప్రత్యేక విభాగం 1986లో ఏర్పడింది. నెల్లూరు జిల్లా వాడైన వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకాను మన దేశంలోనే తయారుచేసి చూపించారు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ కావడం విశేషం. హెపటైటిస్ వైరస్ జన్యువు ముక్కను ఈస్ట్‌లోకి ఎక్కించి, ఆ ఈస్ట్ చేత టీకా సరుకు తయారుచేయించారు. విదేశీ టీకా కొనలేని ఇళ్లకు అది అందుబాటులోకొచ్చింది. 1996లో భారత్ బయోటెక్, 1999లో హైదరాబాద్ శివార్లలో జీనోమ్ వ్యాలీ... ఇంకేముంది? సాఫ్ట్‌వేర్ తర్వాత ఇదే అన్నారు. 2000ల్లో ఊరూరా డిగ్రీ కళాశాలల బోర్డుల మీద బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ పేర్లు వెలిశాయి. ల్యాబు వచ్చేలోపే కోర్సు వచ్చిన చోట్లూ ఉన్నాయి. తీరా పట్టా పుచ్చుకున్నాక పరిశోధనకు బీఎస్సీ చాలదన్నారు, కంపెనీలో అనుభవం అడిగారు. బీఈడీ వైపో బ్యాంకు పరీక్షల వైపో మళ్లిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

మళ్లీ 2020లో కరోనా వచ్చి ఆర్‌టీ-పీసీఆర్ అన్న మాటను రచ్చబండ దాకా తెచ్చింది. 2021 జనవరిలో కొవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. కోర్సుల మీద మళ్లీ ఆశ చిగురించింది. ఆశ తప్పు కాదు. ఎటొచ్చీ టీకా పేరు చూసి చేరితే, టీకా తయారీలో రోజూ జరిగే పనేమిటో కూడా తెలిసి ఉండాలి.

మందుల, టీకాల కంపెనీల్లో మైక్రోబయాలజీ చదివినవారికి ఎక్కువగా దొరికేది నాణ్యత పరీక్షల విభాగం. ఇంజెక్షన్ సీసాల్లో ఏ క్రిమీ లేదని తేల్చాలంటే నమూనాలను 14 రోజులు పెంచి చూడాలి. గది గాలిలో ఎన్ని క్రిములు పడుతున్నాయో పళ్లేలు తెరిచిపెట్టి లెక్కించాలి. రోజూ నీటి నమూనాలు తీయాలి. ఎండోటాక్సిన్ పరీక్షకైతే హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి నీలిరంగు రక్తం నుంచి తీసిన సరుకు వాడుతూ వచ్చారు, ఇప్పుడిప్పుడే దానికి కృత్రిమ ప్రత్యామ్నాయాలు వస్తున్నాయి. తల నుంచి కాలిదాకా ముసుగేసుకుని పని. షిఫ్టులుంటాయి. మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్లు పెదవి విరుస్తారు. రెండు మూడేళ్లు నిలదొక్కుకున్నవారి దారి వేరు. అక్కడ ఇంటర్వ్యూలో సిలబస్ అంతా అడగరు. ఆటోక్లేవ్ ఎంత వేడిలో, ఎంతసేపు అంటారు. 121 డిగ్రీలు, 15 నిమిషాలు అని అందరూ చెబుతారు. ఎప్పుడైనా నువ్వు పెట్టావా అన్నది రెండో ప్రశ్న.

ఒక అపోహను మాత్రం ముందే వదిలించుకోవాలి. మైక్రోబయాలజీ చదివితే ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఖాయమని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు సాధారణంగా అడిగేది డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ. వాటితోపాటు పారామెడికల్ బోర్డులో నమోదు. ఆసుపత్రే లక్ష్యమైతే మొదటే ఆ దారి పట్టాలి. టీచరు ఉద్యోగం మనసులో ఉంటే, బీఈడీకి, డీఎస్సీకి ఏయే సబ్జెక్టులు చెల్లుతాయో పాత నోటిఫికేషన్లు తీసి చూసుకుని మరీ చేరాలి. మరోవైపు చాలామందికి తెలియని తలుపొకటి ఉంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టుకు కేంద్ర నిబంధనల్లో చెప్పిన అర్హతల్లో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలూ ఉన్నాయి. పోస్టులు కొద్దే, పోటీ ఎక్కువే. తలుపంటూ ఉంది కదా!

మూడు దిక్కులు

మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు ఆఫీసు ఒంగోలుకు మారింది కానీ దూరాలు మారవు కదా! గిద్దలూరు వాళ్లకు ఒంగోలుకంటే నంద్యాల దగ్గర. కంభం, మార్కాపురం రోడ్డులో రైలెక్కితే ఒకవైపు గుంటూరు, ఇంకోవైపు నల్లమల సొరంగాలు దాటి నంద్యాల. పిల్లను పైచదువుకు ఎటు పంపాలన్న ప్రశ్నకు ఇక్కడ మూడు దిక్కులున్నాయి. ఏ దిక్కున హాస్టలుంది, ఏ దిక్కున చుట్టాలున్నారు అన్నదాన్ని బట్టే చాలాసార్లు పీజీ నిర్ణయమైపోతుంది. ఆడపిల్లల విషయంలో మరీను.

డిగ్రీ ప్రవేశాలు 2020 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి పక్కింటి అబ్బాయి మూడేళ్ల కిందట చదివిన కాంబినేషనే ఉంటుందనుకోకూడదు. చేరే ఏడాది నోటిఫికేషనే ప్రమాణం. ఎమ్మెస్సీకి 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి పీజీసెట్ పెడుతున్నారు. ఆ ఒక్క పరీక్షతో నాగార్జునకైనా, తిరుపతికైనా, కడపకైనా, అనంతపురానికైనా వెళ్లొచ్చు. తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయానికి వైరాలజీ విభాగముంది. కడప యోగి వేమనలో జెనెటిక్స్ కూడా చెబుతారు. మహిళలకు పద్మావతి విశ్వవిద్యాలయం ఎలాగూ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎమ్మెస్సీల కోసం 2020లో గాట్-బి అనే పరీక్ష మొదలైంది. అంతకుముందు జేఎన్‌యూ పెట్టిన పరీక్ష స్థానంలో వచ్చిందది. గ్రామీణ కళాశాలల్లో ఈ పరీక్ష పేరు తెలిసిన పిల్లలు తక్కువ. పరిశోధన మీద నిజంగా మనసున్న పిల్లకు డిగ్రీ రెండో ఏడాదిలోనే ఈ సంగతి చెప్పగల లెక్చరరు ఒక్కరుంటే చాలు.

సీసా నల్లబడితే...

కళాశాల చిన్నదైనంత మాత్రాన పాఠం చిన్నది కానక్కర్లేదు. నీళ్ల సంగతే తీసుకోండి. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ మాట తెలియని ఇల్లుండదు. బోరునీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పు. దానికి భయపడి జనం క్యాన్ల నీళ్లకు అలవాటుపడ్డారు. ఫ్లోరైడ్‌ను మరిగించినా లాభం లేదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్రిములైతే మరిగిస్తే చస్తాయి. ఆర్వో ప్లాంటు రెంటినీ ఆపగలదు. కానీ ప్లాంటు నుంచి వచ్చిన నీరు కడగని క్యాన్‌లో పడి, మూత లేని కుండలోకి చేరి, చెయ్యి ముంచిన గ్లాసుతో బయటికొస్తే? ఫ్లోరైడ్ పోయింది సరే, క్రిములు మళ్లీ చేరాయా?

దీన్ని పట్టుకునే చవకైన పరీక్షొకటి మన దేశంలోనే పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించారు. చిన్న సీసాలో ప్రత్యేక ద్రావణంలో తడిపి ఆరబెట్టిన కాగితం ఉంటుంది. నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయడమే. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా జాతులు నీళ్లలో ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి సీసా నల్లబడుతుంది. కరెంటు అక్కర్లేదు, ఇంక్యుబేటరు అక్కర్లేదు. మన గది వేడి చాలు. సీసా నల్లబడిన ఇంటి నీళ్లను ల్యాబుకు తెచ్చి అసలు పరీక్ష చేయాలి. వంద మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలై కూడా కనిపించకూడదన్నది తాగునీటి ప్రమాణం.

ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా తరగతిలో ఒక్కొక్కరు తమ వీధి నుంచి అయిదేసి ఇళ్ల నీళ్లు తెచ్చారనుకోండి. క్యాన్ నీళ్లు, కుళాయి నీళ్లు, కుండ నీళ్లు. ఏ వీధిలో సీసాలు నల్లబడ్డాయో గోడ మీద పటం గీస్తే చాలు, మున్సిపాలిటీ వాళ్లు కూడా వచ్చి చూస్తారు. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ప్రాజెక్టు రిపోర్టుకు బైండింగ్ చేయించడం కంటే ఇదేం ఖర్చు కాదు.

మట్టిని చిన్నచూపు చూడకూడదనడానికి మన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఒక్కటి చాలు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడే టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ బయటపడింది. దాన్ని వెదికి పట్టుకున్నది ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్. ఎక్కడ దొరికింది? మిస్సోరీలో ఓ పొలం మట్టిలో. 1948లో మందు లోకానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందునిచ్చిన స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందినవే తొలకరి చినుకుకు మట్టివాసన తెస్తాయి. ఆ జాతి మార్కాపురం ఎర్రనేలలోనూ ఉంటుంది.

అందుకని జూన్‌లో సీటు కోసం వెళ్లినప్పుడు మేనమామ మాట పక్కన పెట్టి, తండ్రి ఒక్క ప్రశ్న అడగాలి. ‘సార్, ఒకసారి ల్యాబు చూడొచ్చా?’

బీరువాలోని మైక్రోస్కోపులు ఎన్నో లెక్కపెట్టనక్కర్లేదు. అద్దాల వెనక దాచిన పరికరాలకు కొత్త మెరుపుంటే సంతోషించనూ అక్కర్లేదు. ఆటోక్లేవ్ మూత రబ్బరు అరిగిందా, గ్యాస్ బర్నర్ చుట్టూ బల్ల కాలి నల్లబడిందా అన్నవి చూడాలి. ఆ తర్వాత ఇంక్యుబేటర్ తలుపు తెరిపించాలి. లోపల పళ్లేలుంటే వాటిని బోర్లించి ఉంచుతారు. అడుగున మార్కర్‌తో ఏదో రాసి ఉంటుంది. పిల్లల చేతిరాత. రోల్ నంబరు, నమూనా పేరు, తేదీ.

ఆ తేదీ ఏ నెలదో చదవాలి.